విషలోహములు – సస్యపోషణము

భూగర్భమునందు ఏ లోహము దాగియున్నదో పైనున్న చెట్టును చూచి పసిగట్టు విద్య మొదట గనిపనివారిది. శాస్త్రజ్ఞులకు అది పిమ్మట గాని అబ్బలేదు. 1556లో వెలువడిన అగ్రికోలా గనిశాస్త్రగ్రంథము, లోహపు పొరలపై పెరిగిన వృక్షముల ఆకులు వసంతమున సీసపు వన్నె దాల్చుననియు, గనులవలన పొలములు పాడగుచున్నవనియు, ఖనిజములను కడిగిన నీరు వాగులలో కలిసి చేపలను చంపుచున్నదనియు జనులు మొరపెట్టుచుండిరనియు తెలుపుచున్నది. ఆకుల ముచ్చటను ఆలకించినంత శ్రద్ధతో శాస్త్రము ఆ మొరను ఆలకింపలేదు.

1583లో సెసల్పీనో అను ఇటలీ వృక్షశాస్త్రవేత్త టస్కనీలో నల్లరాళ్లనే ఆశ్రయించి మొలచు అలిస్సము మొక్కను వర్ణించెను. దాని ఎండుటాకులలో నూటికి దాదాపు ఒకవంతు నికెలు కలదని మింగుజ్జి, వెర్న్యానో అనువారు తేల్చునప్పటికి 1948 వచ్చెను. ఈలోగా, బూజు పెరుగుటకు జింకు ఆవశ్యకమని 1869లో రౌలిన్ చూపగా, పైరులకును అది తప్పదని 1926లో సోమర్, లిప్మన్ నిరూపించిరి. ఒకే లోహము మితమున ఆహారము, అమితమున విషము! 1885 నాటికి మిలార్డే ప్రచారమునకు తెచ్చిన మైలుతుత్తము, సున్నముల మిశ్రమము ద్రాక్షతీగెలను తెగులునుండి కాపాడెను గాని, ఏటేట చల్లిన రాగి ఆ నేలలోనే నిలిచిపోయినది.

కాడ్మియము తీరు వేరు. దానివలన పైరునకు ప్రయోజనమేమియు లేదు. అయినను ఇనుము, జింకు, మాంగనీసులను లోనికి తీసికొను మార్గములనే అది వేరులో ప్రవేశించి, వాని చోటు నాక్రమించును. వేరుకొన ఎదుగుట మాని గోధుమవన్నెకు తిరుగును; లేతాకున ఈనెలు పచ్చగా నుండగా నడిమి భాగము పాలిపోవును. ఎరువు చాలలేదని తలచి రైతు మరికొంత ఫాస్ఫేటు చల్లును. ఆ ఎరువుతోడనే కొంత కాడ్మియము పొలమునకు చేరుట కద్దు! మొక్కయు ఊరకుండదు. లోహమును బంధించు ఫైటోకెలాటిన్లను అది నిర్మించుకొనునని గ్రిల్, విన్నాకర్, జెంక్ 1985లో ప్రకటించిరి. అయితే అందులకు వెచ్చించు గంధకము పెరుగుదలకు దక్కవలసినదే.

పొలపు మొర చివరకు జపానులో వినబడినది. కామియోకా గనినుండి కాడ్మియము జింజూ నదిలో కలిసి, తొయామా ప్రాంతపు వరిమళ్లకు పారి, అన్నముద్వారా మనుష్యుల ఎముకలను గుల్లచేసెను. మడిలో నీరు నిలిచియున్నంతకాలము గంధకముతో కూడి కరగక పడియుండు ఆ లోహము, కోతకు ముందు నీరు తీసివేయగనే కరిగి, పాలుపోసుకొను గింజలోనికి ఎక్కును. నీటిని నిలుపుదమన్నచో గింజలో ఆర్సెనిక్కు అను మరియొక విషము పెరుగును. ఇతై-ఇతై అను ఆ వ్యాధికి కాడ్మియమే మూలమని ప్రభుత్వము 1968లో అంగీకరించినది; ఆ పొలములపై మంచి మట్టిని పరచి మరల సాగునకు తెచ్చు పని ముగియునప్పటికి 2012 వచ్చినది.