పచ్చడబ్బా చరిత్ర - మన శెనక్కాయ కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంఘం పెద్దలు కోరినప్పుడు, రాజుల గురించి, కోటల గురించి రాసే పాండిత్యం నాకు లేదని చెప్పాను. రెవెన్యూ శాఖలో ముప్పయ్యారేళ్ళు పనిచేసినవాణ్ణి. అడంగళ్ళు, జమాబందీ లెక్కలే నాకు తెలిసిన గ్రంథాలు. అయితే ఆ లెక్కల్లో కనిపించిన ఒక పంటకూ, మన అందరి వంటింట్లో ఒకనాడు ఉన్న ఒక పచ్చరంగు డబ్బాకూ సంబంధం ఉంది. ఆ డబ్బా పేరు డాల్డా. దాని పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలిసినంతవరకు ఇక్కడ మనవి చేస్తాను.

నూనెను గడ్డకట్టించి నెయ్యిలా చేయడం మన దేశంలో పుట్టిన విద్య కాదు. నికెల్ అనే లోహపు పొడి సాయంతో వేడి నూనెలోకి హైడ్రోజన్ వాయువును పంపితే, ద్రవంగా ఉన్న నూనె తెల్లగా గట్టిపడుతుంది. నూనెకు ఈ పద్ధతిని ఉపయోగించడంపై జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు పొందాడు. 1911లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ పత్తిగింజల నూనెతో ఇలాంటి కొవ్వు తయారుచేసి 'క్రిస్కో' పేరుతో అమ్మింది. ఐరోపాలో హాలెండ్ కంపెనీలు ఈ వ్యాపారంలో ముందుండేవి. మన దేశానికి మొదట ఈ వనస్పతి వచ్చింది అక్కడినుంచే. నెయ్యి కొనలేని వారికి నెయ్యిలా కనిపించే చవక సరుకు దొరికింది.

సబ్బుల కంపెనీగా పేరుపొందిన ఇంగ్లాండు లీవర్ బ్రదర్స్, హాలెండుకు చెందిన మార్గరిన్ కంపెనీ 1929లో ఒప్పందం చేసుకుని కలిసి యూనిలీవర్ అయ్యాయి. ఆ సంస్థ 1931లో ఇక్కడ హిందుస్తాన్ వనస్పతి మాన్యుఫాక్చరింగ్ కంపెనీని స్థాపించి, బొంబాయి శివ్డీలో ఫ్యాక్టరీ పెట్టింది. దిగుమతి చేసే వ్యాపారి పేరు 'దాదా'. సరుకుకు తన పేరే ఉండాలని అతను పట్టుబడితే, లీవర్ వారు తమ పేరులోని మొదటి అక్షరాన్ని మధ్యలో చొప్పించి 'డాల్డా' చేశారని చెబుతారు. 1937లో ఆ పేరుతో డబ్బా బజారుకు వచ్చింది.

పేరు పెట్టినంత మాత్రాన సరుకు అమ్ముడుపోదు కదా! నెయ్యి అంటే మనవాళ్ళకు దేవుడి దీపం, పసిబిడ్డ ముద్ద, పండుగ ఓళిగ. ఫ్యాక్టరీలో చేసినదాన్ని ఎవరు నమ్ముతారు? 1939లో లింటాస్ అనే ప్రకటనల సంస్థ ఈ పని చేపట్టింది. హార్వే డంకన్ అనే ఆయన ఆధ్వర్యంలో సినిమాహాళ్ళలో చిన్న సినిమా వేశారు. డాల్డా డబ్బా ఆకారంలోనే గుండ్రటి వ్యాను చేయించి వీధుల్లో తిప్పారు. కూడళ్ళలో దుకాణాలు పెట్టి, జనం కళ్ళముందే పిండివంటలు వండి రుచి చూపించారు. చదువుకున్నవారికి కరపత్రాలు పంచారు. హోటళ్ళకు పెద్ద చదరపు డబ్బాలు, ఇళ్ళకు చిన్న గుండ్రటి డబ్బాలు. పసుపు డబ్బా మీద పచ్చటి తాటిజాతి చెట్టు. అక్షరం రానివారు కూడా బొమ్మ చూసి అడిగేవారు. కొన్నాళ్ళకు ఏ కంపెనీ వనస్పతి అయినా 'డాల్డా'యే అయింది. ఒక పేరుకు ఇంతకంటే గొప్ప విజయం ఏముంటుంది?

ఇక మన జిల్లా సంగతికి వస్తాను. డబ్బా మీద ఉన్నది ఆ చెట్టే అయినా, లోపల ఎక్కువగా ఉన్నది వేరుశనగ నూనె. 1970ల దాకా దేశంలో వనస్పతికి ముఖ్యమైన ముడిసరుకు అదే. మన పల్లెల్లో బుడ్డలు అనీ, శెనక్కాయలు అనీ పిలిచే ఈ కాయ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఆర్కాటు ప్రాంతంలో మొదట పెరిగి, పాండిచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సులోని మార్సేల్స్ నూనె మిల్లులకు, సబ్బు తయారీకి ఎగుమతి అయ్యేది. రైలు మార్గాలు వచ్చాక రాయలసీమ ఎర్రనేలలకు పాకింది. గుంతకల్లు జంక్షను, ఆదోని, తాడిపత్రి, హిందూపురం వంటి ఊళ్ళ నూనె మిల్లులు ఆ వ్యాపారంతో పెరిగినవే. దేశంలోనే వనస్పతి ఫ్యాక్టరీలు వెలిశాక నూనెకు ఇంటి గిరాకీ కూడా తోడైంది.

లెక్క చూడండి. నూరు కిలోల కాయ వలిస్తే సుమారు డెబ్బై కిలోల గింజలు. గింజలు ఆడిస్తే అందులో నలభై శాతానికి అటూ ఇటుగా నూనె. మిగిలిన చెక్క పశువులకు, పొలాలకు. కట్టె కూడా పశువుల మేతే. ఇన్ని విధాల అక్కరకొచ్చే పంటను, రొక్కం తెచ్చే పంటను, రైతు ఎలా వదులుకుంటాడు?

నేను ఉద్యోగంలో చేరింది 1974లో. అప్పటి పాత అడంగళ్ళు తిరగేస్తే ముంగారు పంటల వరుసలో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, కంది, ఆముదం, శెనక్కాయ అన్నీ కనిపించేవి. ఏటేటా ఒక్కో గడి ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి పేజీలకు పేజీలు 'వేరుశనగ' అని రాసి కింద 'డిటో' గుర్తులు పెట్టిన రోజులు చూశాను. 1990లలో జిల్లాలో ఈ ఒక్క పంటే ఏడు లక్షల హెక్టార్లు దాటింది. సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గర ఉండే నేలలో, అదీ వేళకు రాని వానల మీద, ఇంత భారం ఒక్క కాయ మీద పెట్టాం. ముఖ్యంగా పూతకు, ఊడ దిగే సమయానికి వాన లేకపోతే కాయ లేదు. కొర్ర, సజ్జ ఎండిపోయినా ఎంతోకొంత మిగిల్చేవి. వాటిని వదిలాక కరువు మరింత కరకుగా తగిలింది.

వనస్పతి మీద గొడవలు కూడా తక్కువేమీ కాదు. అది నెయ్యిలో కల్తీకి బాగా పనికివచ్చింది. గాంధీజీ దీన్ని వ్యతిరేకించారు. 1950లలో నిషేధించాలని పార్లమెంటులో బిల్లు కూడా వచ్చింది. రంగు కలిపి గుర్తుపట్టేలా చేద్దామంటే తగిన రంగు దొరకలేదు. చివరకు వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె తప్పక కలపాలని నియమం పెట్టారు. అనుమానమున్న నెయ్యికి కొన్ని రసాయనాలు కలిపితే, అందులో వనస్పతి ఉంటే నువ్వుల నూనె వల్ల ఎర్రగా మారుతుంది. ఎంత తేలికైన ఉపాయమో!

తర్వాత వేరుశనగ నూనె ప్రియమైంది. 1970ల తరువాత వనస్పతిలోకి సోయా, పామాయిల్ వంటి దిగుమతి నూనెలు ప్రవేశించాయి. డబ్బా మీది చెట్టు బొమ్మ చాలా కాలానికి నిజమైందన్నమాట! 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ వచ్చి మన రైతుకు ఊపిరి పోసింది. 1988లో జాతీయ పాడి అభివృద్ధి మండలి 'ధార' నూనెను తెచ్చింది. మన రాష్ట్రంలో ఆయిల్‌ఫెడ్ 'విజయ' పేరుతో నూనె అమ్మింది. కానీ 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారు. 65 శాతం ఉన్న సుంకాన్ని 1998 నాటికి 15 శాతానికి దించారు. చవక నూనె పక్కన మన కాయ ధర నిలవలేకపోయింది. దానికి తోడు 2000లో కాండం కుళ్ళు వైరస్ తెగులు సుమారు 2.25 లక్షల హెక్టార్లను దెబ్బతీసి, మూడు వందల కోట్ల రూపాయలకు పైగా నష్టం తెచ్చింది. ఆ ఏడు పంటనష్టం లెక్కలు రాసిన చేతులు మావే. అంకెలు రాయడం తేలిక, వాటి వెనుక ఉన్న ముఖాలు చూడటం కష్టం.

డాల్డా పేరును హిందుస్తాన్ లీవర్ 2003లో బంగే అనే విదేశీ సంస్థకు అమ్మేసింది. అప్పటికే ప్యాకెట్ నూనెలు వచ్చి డబ్బా ప్రాభవం తగ్గింది. నూనెను సగం గట్టిపరచినప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటని వైద్యులు తేల్చారు. ఆహార పదార్థాల నూనెలు, కొవ్వులలో దీన్ని 2 శాతానికి మించకుండా 2022 జనవరి 1 నుంచి ప్రభుత్వం కట్టడి చేసింది. మన వయసువారు బేకరీ సరుకులు, హోటలు పూరీలు తినేముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

మన ఇళ్ళలో మాత్రం ఖాళీ డాల్డా డబ్బాకు విలువ తగ్గలేదు. బియ్యం కొలిచే మానిక అయింది, తులసి కుండీ అయింది, మా అమ్మకు చిల్లర దాచుకునే బ్యాంకయింది.

ఆలోచిస్తే ఒక్క విషయం మనసును కలుక్కుమనిపిస్తుంది. పేరు ఒకరిది, ఫ్యాక్టరీ ఇంకొకచోట, లాభం మరొకరిది. ఎండలో కలుపు తీసింది మాత్రం మన జిల్లా ఆడవాళ్ళు. మన పేరుతో ఒక్క డబ్బా కూడా దేశమంతా తిరగలేదు. ఇప్పుడు కొర్రలు, సజ్జలు మళ్ళీ అందమైన ప్యాకెట్లలో, మంచి ధరకు వస్తున్నాయి. పట్టణాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు వాటిని కొంటున్నారు. ఆ ప్యాకెట్టు మీద ఈసారైనా మన ఊరి పేరు ఉండేలా చూడమని, వ్యాపార విద్య చదివిన మన మనవలకూ మనవరాళ్ళకూ ఈ ముసలి రెవెన్యూ ఉద్యోగి విన్నపం.