సారాయి అంగడి మూతపడ్డాక

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాయి అమ్మకం ఆగిపోయినప్పుడు ముఖ్యమంత్రి మన కర్నూలు జిల్లా మనిషే, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఆయన్ను ఆ నిర్ణయం దాకా నెట్టుకొచ్చింది మాత్రం నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, సారాయి మీద పాఠం చదివి, వర్ధినేని రోశమ్మ ముందు నడవగా ఊళ్లో అంగడి మూయించారు. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది.

ఇంత పెద్ద కథలో తాగేవాడు ఎక్కడా నోరు విప్పడు. ఆడవాళ్లు మాట్లాడారు, నాయకులు మాట్లాడారు, ఖజానా లెక్కలు మాట్లాడాయి. అంగడి మూతపడిన రాత్రి చేతులు వణుకుతూ మంచంమీద కూర్చున్నవాడి సంగతి ఎవరూ రాసిపెట్టలేదు.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఆ లోటు ఎక్కువ తెలుస్తుంది. ఆదోనిలో పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సహకార సంఘం, దాని చుట్టూ మగ్గాలు. వాన మొహం చాటేసిన ఏడు పల్లెలకు పల్లెలే సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోతాయి. పడమటికి కాస్త దూరం పోతే కర్ణాటక. మనదగ్గర సారాయి ఆగిపోయినా, అక్కడ దానిమీద నిషేధం 2007 జూలైలో గానీ రాలేదు. ఇప్పటికీ సరిహద్దు చెక్‌పోస్టుల్లో పట్టుబడే కర్ణాటక మద్యం ప్యాకెట్ల వార్త జిల్లా పేజీలో మామూలే. ఇలాంటి చోట అంగడి మూయించడం సగం పనే. మిగతా సగం తాగేవాళ్లు చేసుకోవాల్సింది.

ఆ పనికి దారి దొరికింది చాలా దూరంలో, అనుకోకుండా. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ మనిషి వ్యాపారపు పనిమీద అమెరికాలోని ఏక్రన్ పట్టణానికి వచ్చాడు. పని చెడింది. తాగుడు మాని అప్పటికి ఐదు నెలలు. దిగిన హోటల్లోనే బారుంది. అటు పోకుండా ఫోను దగ్గరికి పోయి, చర్చిల జాబితా చూసి ఒక్కొక్కరికే ఫోన్ చేశాడు. తనలాగే తాగుడుతో చితికినవాడు ఒకడు కావాలి, కూర్చొని మాట్లాడాలి అన్నాడు. చివరికి దొరికింది ఆ ఊరి సర్జన్ బాబ్ స్మిత్. పావుగంటలో లేచిపోదామని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. జూన్ 10న డాక్టరు ఆఖరిసారి తాగాడు. అలా మొదలైన తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం, ఆల్కహాలిక్స్ అనానిమస్, తన పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకుంటుంది.

నాకు ఇందులో అసలు విషయమనిపించేది ఒకటుంది. విల్సన్ ఎవరినో ఉద్ధరించడానికి పోలేదు, ఆ సాయంత్రం తాను తాగకుండా గట్టెక్కడానికి పోయాడు.

1957 ప్రాంతంలో బొంబాయిలో మొదలై ఆ సంఘం సమావేశాలు మనదేశంలోనూ పాకాయి. పద్ధతి మారలేదు. కొన్ని కుర్చీలు, టీ. సభ్యత్వ రుసుం లేదు, హాజరుపట్టీ లేదు, ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డుపడరు, సలహాలివ్వరు. ఖర్చులకు డబ్బా తిప్పుతారు గానీ బయటివాళ్ల విరాళం పుచ్చుకోరు. జన్మలో ముట్టనని ఒట్టేయించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉంటే చాలంటారు. పిల్లల మీద ఒట్లు వేసి తప్పినవాళ్లకు ఆ మాట ఎంత తేలికో వేరే చెప్పాలా? ఇదంతా ఉత్త నమ్మకమేనా అంటే, 2020లో 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష వేరేమాట చెప్పింది. పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఈ దారి మిగతా చికిత్సలకు తీసిపోదు, కొన్నిచోట్ల మెరుగు కూడా.

మనవాళ్లకు తోడుతో మానడం కొత్తేమీ కాదు. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లు పాండురంగస్వామి గుడిలో ఏకాదశినాడు తాగుడు మానడానికే మాల వేసుకుంటారు. అయ్యప్ప మాలలో ఉన్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టనివాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. మాల తీసిన మర్నాడు ఎవరితో కూర్చోవాలన్నదే చిక్కు. వారం వారం జరిగే సమావేశం ఆ మర్నాటి కోసమే.

రోజూ గట్టిగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి చెదరవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకని ముందు డాక్టరు. కర్నూలు పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446. దగ్గర్లో సమావేశం ఎక్కడుందో ఆ నంబరులో అడిగి చూడండి. చిన్న ఊళ్లో నలుగురి కంట పడతామన్న బెరుకు ఉంటుంది. ఆదోని మనిషి ఎమ్మిగనూరులోనో కర్నూలులోనో కూర్చుంటే తప్పుపట్టేవాళ్లెవరూ లేరు. ఏ ఊళ్లోనైనా తాగుడు మానడానికి ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే అదే ఒక బృందమని ఆల్కహాలిక్స్ అనానిమస్ నియమం. కొన్ని సమావేశాలు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే, కొన్ని అందరికీ. భార్యో అన్నో వెంట వస్తామంటే, అందరినీ రానిచ్చేది ఏ రోజో ముందుగా కనుక్కొని పోవడం మేలు.