హెల్మెట్ (ద్విచక్ర వాహనం)

హెల్మెట్ ద్విచక్ర వాహనం నడిపేవారికి, వెనుక కూర్చునేవారికి తలను కాపాడే సాధనం. పైన గట్టి ప్లాస్టిక్ లేదా ఫైబర్‌గ్లాస్ చిప్ప, దాని కింద థర్మోకోల్ వంటి నురుగు పొర, లోపల మెత్తని గుడ్డ ఉంటాయి. గట్టిదనమే రక్షణ అని చాలామంది అనుకుంటారు గానీ ప్రధానమైన పని నురుగుదే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ శక్తిని తల మీదికి పోనివ్వకుండా చాలావరకు తానే తీసుకుంటుంది. నలిగిన నురుగు మళ్లీ మామూలు స్థితికి రాదు. అందుకే ప్రమాదంలో గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి గీత కూడా లేకపోయినా, మార్చాల్సిందే.

భారతదేశంలో 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఐఎస్ 4151 ప్రమాణం, ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. రోడ్డు పక్కన అమ్మే పలచని టోపీలాంటివి జరిమానా భయం తీర్చడానికే తప్ప తలకు అక్కరకు రావు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటినవారంతా హెల్మెట్ ధరించాలి. తలపాగా చుట్టుకునే సిక్కులకు మినహాయింపు ఉంది.

కనుబొమల పైగా టేపు చుట్టి తల కొలత తీసుకోవాలి. కొత్త హెల్మెట్ బుగ్గలను కాస్త నొక్కాలి, కదిపితే చర్మమూ దానితోపాటు కదలాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడ్డప్పుడు ఊడిపోతుంది. ఫుల్ ఫేస్ రకం దవడను కూడా కాపాడుతుంది. ఎండాకాలంలో ఉక్క తగ్గాలంటే గాలి రంధ్రాలున్నది ఎంచుకోవాలి. నల్ల అద్దం రాత్రివేళ పనికిరాదు.