చెన్నపురిలో నేతపేటల దారులు

మన వార్షిక సంచికలలో కులచరిత్రము వ్రాయబూనినవారు సామాన్యముగా దేవలమహర్షితో నారంభించి చౌడేశ్వరీ స్తవముతో ముగించుచుందురు. అది భక్తి, మేము కాదనము. కాని దేవలునికిని మన తాతలకును నడుమ గడచిన కాలములో మనవారు ఏ వీథుల గాపురముండిరి, ఎవరికొఱకు నేసిరి, ఎంత బయానా పుచ్చుకొనిరి యను ప్రశ్నలకు ఆ వ్యాసములలో సమాధానము దొరకదు. అట్టి సమాధానము కొంత చెన్నపురి వీథులలో నడచినచో దొరకుననియు, మిగిలినది మన మదనపల్లెలోనే యున్నదనియు విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

కుప్పమువారికి చెన్నపురి దూరదేశము కాదు. 1864 లో జోలారుపేట నుండి బెంగుళూరు దండునకు ఇనుపదారి పడినది మొదలు మన స్టేషను రెండు మహానగరముల నడుమ నిలిచియున్నది. బట్టల మూటలతో పోయినవారము, వైద్యమునకు పోయినవారము, పిల్లల చదువులకు పోయినవారము మనలో ననేకులము గలము. చరిత్ర చూచి వత్తమని రైలెక్కినవారము మాత్రము అరుదు. మేమును మొన్నమొన్నటి దాక ఆ కోవలోనివారమే.

1639 లో దామర్ల వేంకటాద్రి నాయకుడు సముద్రతీరపు నేలను ఇంగ్లీషు కంపెనీవారికి నిచ్చెను. ఆ సోదరుల తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణ మేర్పడెను. ఆ దానము ఆగస్టు 22 వ తేదీని జరిగినదని కొందఱును, అంతకు నెలరోజుల ముందే జరిగినదని కొందఱును వాదింతురు. ఎట్లున్నను 2004 నుండి ఆగస్టు తేదీనే నగరజన్మదినముగా గొనియాడుచున్నారు. దీనికి పూనుకొన్నవారిలో యస్. ముత్తయ్యగారు (1930–2019) ముఖ్యులు. ఆ దినములలో ఉదయమున ఎండ ముదరక మున్నే తెలిసినవారొకరు ముందు నడువగా ముప్పదిమందియో నలువదిమందియో ఒక పేట యంతయు కాలినడకను తిరుగుదురు, సాయంకాలమున ఉపన్యాసములు. పెద్దపెద్ద కోటలు మాత్రమే చరిత్రమని తలచువారికి ఈ నడక మంచి మందు. సందు మలుపున నొక గుడి, గోడపై చెరిగిపోయిన యొక పేరు, అంతియే. దానినిబట్టి అరగంట ప్రసంగము.

మేము ముఖ్యముగా జూడగోరినది చింతాద్రిపేట. అరవము తెలిసిన మన కుప్పమువారికి ‘తఱి’ యనగా మగ్గమని వేఱుగ జెప్ప నక్కఱలేదు. చిన్న తఱిపేటయే చింతాద్రిపేట యైనది. కూవము నది వంపు తిరిగి మూడు దిక్కుల జుట్టుకొన్న యీ నేల, ఒకప్పుడు కంపెనీకి ప్రధాన వర్తకుడుగా నుండిన సుంకు రామ శెట్టి తోట. 1734 లో గవర్నరు జార్జి మార్టన్ పిట్టు దానిని నేతపేటగా నేర్పఱచెను. నూలు వడుకువారు, నేయువారు, అద్దకమువారు, చలువ చేయువారు, గుడిని గొలుచువారు తప్ప నితరులు కాపురముండరాదని కట్టడి. ఆదియప్ప నారాయణ శెట్టి యను దుబాసి ఆదికేశవ పెరుమాళ్లకును ఆదిపురీశ్వరునకును ప్రక్కప్రక్కనే గుళ్లు గట్టించెను. అవి నేటికిని పూజలందుచున్నవి.

ఇది దొర దయాగుణమని తలచిన పొరపాటు. ఇంగ్లండులో అద్దకపు బట్టలు కట్టరాదని 1721 లో శాసనమైనను, తెల్లబట్టల బేరమును, ఇతరదేశములకు మఱల నెగుమతి చేయు బేరమును సాగుచునే యుండెను. నేతగాడు దూరపు గ్రామమున నున్నచో బట్ట సకాలమునకు రాదు. నడుమ దళారులు తినివేయుదురు. దండు వచ్చిన మగ్గము విడిచి పరుగిడును. కోటకు కూతవేటు దూరమున నుండిన, ముందుగా నిచ్చిన సొమ్మునకు బట్ట రాబట్టుకొనుట సులభము. అంతకు పూర్వమే గవర్నరు జోసెఫ్ కాలెట్టు (1717–1720) తిరువొత్తియూరు చెంత నిట్టి పేటనే యొకటి నెలకొల్పెను. కాలెట్టు పేట జనుల నోట బడి కాలడిపేట యైనది! అతని కొలువులోని వీరరాఘవుడు కంచి వరదుని సేవించి గాని పనికి రాడనియు, దొర యాతని భక్తిని పరీక్షించి మెచ్చి యక్కడనే వరదునకు గుడి గట్టించెననియు నొక కథ గలదు. కథ మనోహరము. దానిలోనైనను నేతగాడు లేడు.

మా వారిలో నొకరు ఆతురతతో, ‘ఇందులో మన దేవాంగుల వీథి యేది?’ అని నడిపించువారి నడిగిరి. ఆయన నవ్వి, ‘పేట గట్టినవారి పేళ్లు దొరకినవి, నేసినవారి పేళ్లు మీరే వెదకి తేవలెను’ అనిరి. మా మిత్రునికి చిన్నతనమైనది గాని, ఆ మాట న్యాయమైనది. సాలెలు, పద్మశాలీలు, కైక్కోలులు, దేవాంగులు, ఎందఱో మగ్గము పట్టినవారు. పేటకు వచ్చినవారందఱు మనవారే యని సంచికలో వ్రాసికొన్నంత మాత్రమున అది చరిత్రము కాజాలదు. గవర్నరు పేరు మిగిలెను, దుబాసి పేరు మిగిలెను. సంవత్సరములు గుంటమగ్గమున కూర్చుండి నడుము విఱుగగొట్టుకొన్నవాని పేరు వీథికైన బెట్టలేదు. మేము తిరిగిన సందులలో మగ్గపు చప్పుడు వినబడలేదు.

నిశ్చయముగా మనవారని చెప్పుకొనదగిన మహనీయుడు చెన్నపురిలో నున్నాడు. సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు (1852–1925). 1916 లో జస్టిస్ పార్టీని స్థాపించినవారిలో నొకరు. 1920 లో ముఖ్యమంత్రి పదవి వెదకికొని రాగా వలదనినవారు. వారి విగ్రహము రిప్పన్ భవనము కడ నున్నది. వారి పేర వెలసిన త్యాగరాయనగరమున నేడు మన మగువలు చీరలు బేరమాడుచున్నారు. వారిని గూర్చి మన సంచికలలో కావలసినంత వ్రాసితిమి. ఒక్క పెద్దమనిషి చాటున వేయి మగ్గములను మఱుగుపఱచితిమేమో యని యా నడక ముగిసిన సాయంకాలము మాకు దోచినది.

పోషకులు ‘చెన్నపురి సంగతి మనకేల?’ యని యడుగవచ్చును. మదనపల్లె చెంత నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గములు నేడును ఆడుచున్నవి. కాని పిల్లలు బెంగుళూరునకు బోవుచున్నారు. మరమగ్గముతో పోటీపడలేక చేతిమగ్గము విప్పి అటుక మీద బెట్టిన యిండ్లు మేమెఱుగుదుము. చింతాద్రిపేటలో మూడువందల యేండ్లకు జరిగినది యిక్కడ ముప్పదియేండ్లలో జరుగవచ్చును. 1919 లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె కళాశాలలో జనగణమనను ఆంగ్లమున ననువదించెనని యచటి పిల్లవాడైన జెప్పును. అదే యూరిలో మొదటి పట్టుమగ్గము ఎవరి యింట దింపిరని యడిగిన పెద్దలు సైతము తడబడుదురు. పుంగనూరు, కుప్పముల సంగతియు నింతకంటె మేలు కాదు.

కావున వచ్చు వార్షికసభకు ముందటి దినమున, ఉపన్యాసములకు మాఱుగా, ఉదయము ఆఱు గంటలకు నీరుగట్టువారిపల్లె వీథులలో నడువవలెనని కార్యవర్గమునకు విన్నవించితిమి. ఎనుబది దాటిన నేతపెద్దలను ముందుంచుకొని, ఇంటింటి కడ నిలిచి, ఎవరు ఏ యూరినుండి వచ్చిరో వ్రాసికొందుము. ఇండ్లలో పాత చిట్టాపుస్తకములు, షావుకారుల బాకీ చీట్లు, పెండ్లి శుభలేఖలు, అచ్చుకట్టిన పాత చీరముక్కలు ఉన్నవారు చెదలకు విడువక వెంట దెచ్చిన చాలును. అచ్చటనే ఫోటో తీసి తిరిగి యిచ్చివేయుదుము.