చీరాల రుమాలు చీరైన కథ

పెళ్లి బట్టలంటే దర్శి, పొదిలి, కురిచేడు వైపు వాళ్లకు చీరాలే. దానికి చిన్న బొంబాయి అని పేరు కూడా పెట్టుకున్నారు. అక్కడి కొట్లలో కుప్పడం చీరల దగ్గర్నుంచి సూరత్ సరుకు దాకా అన్నీ పరిచి చూపిస్తారు. తేలియా రుమాలు కావాలని అడగండి, కొట్టు కుర్రాడు మన మొహం వంక చూస్తాడు. కాస్త తెలిసినవాడైతే ఎర్రటి గళ్ళలో ఏనుగులు నిలబడ్డ చీర ఒకటి తీసి, ఇదీ తేలియా డిజైను, తెలంగాణ నుంచి వస్తుందండీ అంటాడు. ఆ రుమాలు పుట్టిన ఊరు చీరాలేనని వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

తేలియా రుమాలు చదరపు గుడ్డ. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. చుట్టూ వెడల్పాటి అంచు, లోపల గళ్ళు, గడిలో చుక్కో నక్షత్రమో. నేసిన గుడ్డ మీద అద్దిన బొమ్మ కాదిది. మగ్గం ఎక్కకముందే నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ముడులు విప్పి, మళ్లీ కట్టి, బొమ్మనంతా దారంలోనే సిద్ధం చేస్తారు. మంచి రుమాళ్లలో పడుగుకీ పేకకీ రెండింటికీ ఇలా రంగు వేస్తారు. నేసేటప్పుడు పడుగులోని ఎర్ర ముక్క మీదికి పేకలోని ఎర్ర ముక్క సరిగ్గా రావాలి. ఒక్క దారం జరిగినా నక్షత్రం మూల చెదురుతుంది. నేతగాడు అందుకే పోగు పోగుకీ ఆగి, గోటితో సర్ది, అప్పుడు పలక కొడతాడు.

చూపరుల కన్ను బొమ్మ మీదే ఉంటుంది గానీ ఈ గుడ్డ అసలు కిటుకు నూనెలో ఉంది. ఆముదపు కాయల పొట్టు కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి తేరిస్తే కారపు నీళ్లు వస్తాయి. వాటిలో నూనె పోసి కలిపితే పాలలా తెల్లబడుతుంది. నూలు చిలపల్ని అందులో పిసికి, ఎండబెట్టి, మళ్లీ పిసికి, మళ్లీ ఎండబెట్టి, రెండు మూడు వారాల పాటు ఇదే పని. బూడిదలోని క్షారం నూనెను విరగ్గొడుతుంది. విరిగిన నూనె నూలుపోగును అంటిపెట్టుకుంటుంది. ఆ పైన పటిక పట్టిస్తే అది ఆ నూనెతో ముడిపడుతుంది, ఎర్ర రంగు వచ్చి పటికను పట్టుకుంటుంది. పటికకు బదులు ఇనుము తగిలితే అదే రంగు నల్లగా మారుతుంది. ఒక్క రంగు పదార్థం నుంచి ఎరుపు, నలుపు రెండూ రాబట్టారన్నమాట. మూడోదైన తెలుపు, ముడి కింద రంగు తగలకుండా మిగిలిన నూలే. ఇన్నాళ్లు నూనె తాగిన గుడ్డ మెత్తగా ఉండేది, దుమ్ము అంటనిచ్చేది కాదు, ఎన్ని ఉతుకులు ఉతికినా వెలిసేది కాదు. వాసన మాత్రం చాన్నాళ్లు వదిలేది కాదు. తేలియా అన్న పేరు ఆ నూనె వల్లే వచ్చింది.

ఆముదం దర్శి, పొదిలి వైపు మన పడమటి మెట్టకు కొత్త పంట కాదు. గింజ గానుగకు పోగా మిగిలిన పొట్టును పొయ్యిలోకి తోసేసే ఊళ్లు ఇక్కడ ఎన్నో. ఆ పొట్టు బూడిదే చీరాల ఎరుపుకు ఆధారం. సరిగ్గా ఇలాంటి పద్ధతే టర్కీ వైపూ ఉండేది: నూనె, బూడిద, పేడ, పటిక, మంజిష్ఠ జాతి వేరు. టర్కీ ఎరుపు అని దానికి యూరప్‌లో గొప్ప పేరు. ఆ గుట్టు తెలుసుకోవడానికి ఫ్రాన్సు వాళ్లు గ్రీకు రంగరుల్ని పిలిపించుకున్నారు. గ్లాస్గోలో 1785లో గానీ ఆ రంగు కార్ఖానా మొదలుకాలేదు. తమాషా ఏమిటంటే, అంత పెద్ద రాజ్యాలు డబ్బు పోసి కొనుక్కున్న విద్య తెలుగు కోస్తాలో రంగరుల వాకిళ్లలోనే ఉంది.

మొదట్లో ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. 1869లో తారులోంచి తీసిన పదార్థంతో అలిజరిన్ అనే ఆ ఎర్ర రంగునే తయారు చేసే పద్ధతికి జర్మనీ వాళ్లూ ఇంగ్లండు వాడూ ఒక్క రోజు తేడాతో పేటెంటు అర్జీలు పెట్టారు. ఆ తర్వాత చిరివేరును తవ్వే అవసరం లేకపోయింది. చీరాల వాళ్లూ డబ్బా అలిజరిన్‌కు మారారు. నూనె పని మాత్రం వదల్లేదు. ఎందుకంటే రంగు ఎక్కడిదైనా, దాన్ని నూలుకు పట్టించేది నూనే.

ఈ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు, ఆఫ్రికా తూర్పు తీరానికి పోయేవి. అక్కడ తలపాగాలయ్యేవి, నడుముకు లుంగీలయ్యేవి. ఎగుమతి వ్యాపారులు వీటిని ఏషియా రుమాళ్లనేవారు. మన దేశంలో జాలరులు, పశువుల కాపరులు కట్టుకున్నారు. నిజాం ఇంటి ఆడవాళ్లు వేసుకున్న తేలియా దుపట్టాల సంగతీ చెబుతారు. ముస్లిం కొనుబడిదారులకు ప్రాణుల బొమ్మలు నచ్చవు గనక మొదటి రుమాళ్లన్నీ గళ్ళు, చుక్కలు, నక్షత్రాలే. తర్వాత్తర్వాత దేశంలోపలి బేరం పెరిగేసరికి గళ్ళలోకి ఏనుగులు, సింహాలు, చేపలు దిగాయి. వాటి వెనకే గడియారాలు, గ్రామఫోన్లు, విమానాలు వచ్చాయి. సంప్రదాయ డిజైను అనగానే వెయ్యేళ్లుగా కదలనిదేదో అనుకుంటాం. చీరాల నేతగాళ్లకు ఆ పట్టింపు లేదు. ఊళ్లోకి ఏది కొత్తగా వచ్చిందో, కొనేవాడు ఏది అడిగాడో దాన్ని నాలుగు గీతల్లోకి కుదించి గడిలో కూర్చోబెట్టారు. విమానాన్ని తేలియాలోకి తెచ్చింది డిజైన్ కాలేజీ పిల్లలు కాదు, ముడులు కట్టే చేతులే.

ఈ పని చీరాల నుంచి నల్గొండ వైపు పోచంపల్లికి 1915 ప్రాంతంలో చేరిందంటారు. నేతపని కులాల మధ్య చుట్టరికాలున్నాయి, వ్యాపారపు రాకపోకలున్నాయి, విద్య వాటి వెంటే నడిచింది. చీరాలలో అవి గోల రోజులు కూడా. పురపాలక పన్నుల మీద కోపంతో 1921లో కాంగ్రెసు నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఊరు ఖాళీ చేసి బయట రామనగరు కట్టుకున్న చరిత్ర అందరికీ తెలిసిందే. మగ్గాల గుంటలు ఇంట్లో వదిలి పాకల్లోకి పోయినవాళ్లలో నేతపనివాళ్లు ఎందరో ఆ చరిత్ర అంతగా చెప్పదు.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి సముద్రం అవతలి బేరం సన్నగిల్లింది. రుమాలుకు ఇక్కడ కొనేవాడు లేడు. తలపాగాలు పోయి టోపీలు, తువ్వాళ్లు వచ్చాయి. కథ మలుపు తిరిగింది ఇక్కడే. 1956లో చేతిపనుల కోసం పనిచేసిన పుపుల్ జయకర్ చొరవతో చేనేత సేవా కేంద్రాలు మొదలయ్యాయి. 1980ల్లో చేనేత నిపుణుడు మార్తాండ్ సింగ్ విశ్వకర్మ అనే వస్త్ర ప్రదర్శనల కోసం దేశంలోని పాత నేతల్ని వెతికి మళ్లీ నేయించారు. ఆ రోజుల్లోనే పోచంపల్లి, ఆ వైపే ఉన్న పుట్టపాక మగ్గాల మీద రుమాలు బొమ్మ చీరలోకి, దుపట్టాలోకి అడుగుపెట్టింది. పుట్టపాక నేతగాళ్లు గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి.

రుమాలును చీర చేయడమంటే పొడుగు పెంచడం కాదు. రుమాలుకు నాలుగు వైపులా అంచు, మధ్యలో నడిబొడ్డు ఉంటాయి. నాలుగు మూలలూ ఒకేలా ఉంటాయి గనక పావు వంతు బొమ్మ గీసుకుంటే చాలు. నూలును మడిచి ఒకే ముడి కడితే అది నాలుగు చోట్ల పని చేస్తుంది. చీర ఒంటికి చుట్టుకునేది, దానికి నడిబొడ్డు లేదు. కుచ్చిళ్లలో సగం బొమ్మ దాక్కుంటుంది. పల్లు ఒక పక్క, అంచు రెండు పక్కల. అందుకని రుమాలు నుంచి గళ్ళ చట్రాన్ని తీసుకుని చీర ఒడలంతా పరిచారు, గడి గడికీ వేరే బొమ్మ పెట్టారు. ఒక గడిలో చిలక, పక్క గడిలో తామర, ఆ పక్కన ఏనుగు. చూడ్డానికి బాగుంది, కానీ మడిచి కట్టే సదుపాయం పోయింది. ఏ గడికాగడి గ్రాఫు కాగితం మీద లెక్కపెట్టి, సైకిలు ట్యూబు ముక్కలతో ముడులు కట్టాల్సిందే. ఎరుపు, నలుపు, తెలుపు దాటి పోకుండా ఉండటమే ఆ చీరను తేలియా అని గుర్తుపట్టిస్తుంది. నా మటుకు నాకు ఈ మార్పులో తెలివైన పని అదే. బొమ్మలన్నీ మార్చారు, రంగులు మాత్రం మార్చలేదు.

ఈ పనిలో ఆడవాళ్ల చాకిరీ చెప్పకపోతే కథ సగమే. ముడులకు ముందు నూలును ఆసు మీద పోయాలి. అర్ధచంద్రంలా పాతిన మేకుల చుట్టూ దారాన్ని ముందుకూ వెనక్కూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అలా ఆడాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆ పని చేసే యంత్రం కోసం ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో సాధించారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. మల్లేశానికి 2017లో పద్మశ్రీ ఇచ్చారు. తేలియా బొమ్మ చీరల్లో నిలబడటానికి ప్రదర్శనశాలల పెద్దలు చేసిన మేలు ఎంతో, ఈ యంత్రం చేసిన మేలూ అంతే.

మరి నూనె ఏమైంది? చీరల్లోకి పట్టు వచ్చింది, పట్టుకు ఆ నూనె పని అక్కర్లేదు. నూలుకు కూడా వారాల తరబడి పిసికే ఓపిక, దానికి తగ్గ కూలి ఇచ్చే కొనుబడిదారు తగ్గారు. నేడు తేలియా పేరుతో అమ్ముడయ్యే చీరల్లో ఎక్కువ వాటికి నూనె చుక్క తగల్లేదు. అవి అందమైన చీరలే, నేతా గట్టిదే, కానీ పేరు మాత్రం అప్పు తెచ్చుకున్నది. నూనె పద్ధతిని పట్టుకుని ఉన్నది పుట్టపాక వైపు కొద్దిమందే. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అది తెలంగాణ పేరునే నమోదైంది. చీరాలకు అన్యాయం జరిగిందని వాదించే వాళ్లున్నారు. నాకలా అనిపించదు. పుట్టించిన ఊరు వదిలేసింది, పెంచిన ఊరు పట్టుకుంది. చీరాలలో ఆ పని దాదాపు ఆగిపోయి ఎన్నాళ్లయిందో చూసుకుంటే గుర్తింపు ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది.

ఈసారి పెళ్లి బట్టలకు చీరాల వెళ్లినప్పుడు తేలియా అని చీర చూపిస్తే తిరగేసి చూడండి. వెనక వైపు బొమ్మ ముందువైపంత స్పష్టంగా ఉండాలి. గీతల చివర్లు ఈకల్లా కాస్త చెదిరి ఉండాలి. కత్తితో కోసినట్టు నిక్కచ్చిగా ఉంటే అది అచ్చు గుడ్డ, ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. మగ్గం నేతే అని తేలాక, నూనె నూలా అని కూడా అడగండి. కొట్టువాడికి తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే ఆ మాట మగ్గం దాకా పోతుంది.