బ్యాటరీ శక్తి నశించిన స్పోర్ట్స్ కారు: తలుపు తెరిచే మార్గాలు

పూర్వపు కార్లలో తలుపు పిడిని లాగితే లోపలి కడ్డీ కదిలి గడియ తొలగిపోయేది. దానికి విద్యుత్తుతో పని ఉండేది కాదు. ఇటీవలి కొన్ని స్పోర్ట్స్ కార్లలో పిడి స్థానాన్ని మీట ఆక్రమించింది. మీట నొక్కగానే చిన్న మోటారు గడియను తీస్తుంది. బ్యాటరీ శక్తి నశించినప్పుడు ఆ మీట నిరుపయోగమవుతుంది. అటువంటి సమయానికై తయారీదారులు విద్యుత్తు అవసరం లేని మార్గమొకటి వేరుగా అమర్చి ఉంచుతారు. అది వెంటనే కంటబడని చోట ఉండటమే చిక్కు.

కార్వెట్: వెలుపలి నుంచి

అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ షెవర్లే పేరిట 1953లో కార్వెట్ తయారీని ప్రారంభించింది. 2005 నుంచి 2013 వరకు వెలువడిన ఆరవ తరం కార్వెట్ ఈ విషయానికి చక్కని ఉదాహరణ. దాని తలుపులకు వెలుపల పిడి లేదు. తలుపు అంచు చాటున మీట మాత్రమే ఉంటుంది. తలుపులో తాళపు రంధ్రం కూడా కనిపించదు.

బ్యాటరీ పనిచేయనప్పుడు అనుసరించవలసిన క్రమం ఇది:

1. రిమోట్‌లో ఇమిడి ఉన్న లోహపు తాళంచెవిని వెలుపలికి తీయాలి.
2. కారు వెనుక భాగంలో నంబరు పలకకు పైన ఉన్న తాళపు రంధ్రంలో దానిని తిప్పి డిక్కీని తెరవాలి.
3. డిక్కీ లోపల ఎడమ వైపున ఉన్న పట్టీని లాగాలి. దానికి కట్టిన తీగ డ్రైవరు తలుపు గడియను విడిపిస్తుంది.
4. లోనికి వెళ్లి, డ్రైవరు కాళ్ల వద్ద ఉన్న పిడిని లాగి బానెట్‌ను తెరవాలి. ఈ తరం కార్వెట్‌లో బ్యాటరీ బానెట్ కిందనే ఉంటుంది.

విద్యుత్తు పునరుద్ధరించేవరకు తలుపును బలంగా మూయరాదు; చట్రం లేని అద్దం రబ్బరు అంచుకు తగిలి దెబ్బతినవచ్చు. తాళంచెవిని లోపల విడిచి మూయడం అంతకంటే పెద్ద పొరపాటు. ఏడవ తరం కార్వెట్‌లో బ్యాటరీ వెనుక డిక్కీలోనే ఉంటుంది.

లోపల చిక్కుకున్నప్పుడు

2015 జూన్‌లో టెక్సాస్ రాష్ట్రంలోని పోర్ట్ ఆర్థర్ పట్టణంలో 2007 నాటి కార్వెట్‌లో ఒక వృద్ధుడు, ఆయన పెంపుడు కుక్క చిక్కుకుని ఎండవేడికి మరణించారు. బ్యాటరీ తీగ వదులై విద్యుత్తు నిలిచిపోవడంతో మీటలు గాని, హారన్ గాని పనిచేయలేదు. తలుపు తెరిచే పిడి మాత్రం ఆయన కూర్చున్న చోటనే ఉంది. ఆరవ తరం కార్వెట్‌లో ఒక్కొక్క సీటు పక్కన, నేలపై, తలుపు వైపున ఆ పిడి అమర్చి ఉంటుంది. దానిని పైకి లాగితే బ్యాటరీ లేకున్నా తలుపు తెరుచుకుంటుంది. ఆపద వేళ వెదకవలసిన వస్తువు కాదది. కారు ఎక్కిన మొదటి రోజే చేతికి తెలిసి ఉండవలసిన వస్తువు.

పోర్షే 911లో వేరొక చిక్కు

2004 నుంచి 2012 వరకు వచ్చిన పోర్షే 911 తలుపును తాళంచెవితో తెరవవచ్చు. అయితే ఇంజను వెనుక, బ్యాటరీ ముందు మూత కింద ఉంటాయి. ఆ మూత తెరుచుకొనేది విద్యుత్తుతో. బ్యాటరీని చేరడానికే బ్యాటరీ కావాలన్నమాట! దీనికి పరిష్కారంగా డ్రైవరు కాళ్ల వద్ద ఉన్న ఫ్యూజు పెట్టెలో బయటకు లాగదగిన ధన ధ్రువం అమర్చారు. వేరొక బ్యాటరీ నుంచి ఎర్ర తీగను దానికి, నల్ల తీగను తలుపు గడియ తగులుకునే లోహపు కొక్కేనికి కలిపితే మూత తెరుచుకుంటుంది. ఈ అమరిక మూత తెరవడానికే గాని ఇంజను నడపడానికి కాదు.

ముందుజాగ్రత్తలు

నిలిపి ఉన్న కారులో కూడా దొంగతనం హెచ్చరిక వంటి పరికరాలు కొద్దిపాటి విద్యుత్తును వాడుకుంటూనే ఉంటాయి. అందువల్ల వారాల తరబడి కదలని కారు బ్యాటరీ నీరసిస్తుంది. అప్పుడప్పుడు నడపడం, లేదా తగిన ఛార్జరుకు కలిపి ఉంచడం మేలు.

బటన్‌తో స్టార్టయ్యే సాధారణ కార్ల రిమోట్‌లోనూ సాధారణంగా లోహపు తాళంచెవి దాగి ఉంటుంది. డ్రైవరు తలుపు తాళపు రంధ్రం కొన్నిటిలో మూత చాటున ఉంటుంది. బ్యాటరీ బాగున్న రోజుననే ఒకసారి దానితో తెరిచి చూసుకోవడం ఉత్తమం.

మూసి ఉన్న కారు ఎండలో ఎంత ప్రమాదకరమో సరిహద్దు జిల్లాల వారికి తెలియనిది కాదు. 2025 మే నెలలో విజయనగరం సమీపంలోని ద్వారపూడిలో ఆగి ఉన్న కారులో చిక్కుకుని నలుగురు చిన్నారులు ఊపిరాడక మరణించారు. అది బ్యాటరీకి సంబంధించినది కాదు. కాని లోపలి నుంచి తలుపు తెరవలేని స్థితి ఎక్కడైనా ఒక్కటే. ఇంటి ముందు నిలిపిన కారుకు తాళం వేసి ఉంచడం, లోపలి పిడి ఎలా తెరవాలో పిల్లలకు చేయించి చూపడం ప్రతి కుటుంబమూ పాటించదగిన నియమాలు.