కబీరు: ఒక నామధేయ చరిత్ర

కబీరు అనగానే మగ్గము ముందు కూర్చున్న కాశీ నేతగాడు తలపునకు వస్తాడు. 15వ శతాబ్దికి చెందిన ఆ సంత కవి పలికినది జనుల హిందీ. పెరిగినది జులాహాల, అనగా ఇస్లాము మతము నవలంబించిన సాలెవారి ఇంట. ఆయన పేరు మాత్రము అరబ్బీ. ఆ పేరు నడచిన త్రోవ తెలిసినచో, దానిని మోసిన మనిషి ఘనత మరికొంత బోధపడుతుంది.

అరబ్బీలో పెక్కు మాటలు మూడు హల్లుల ధాతువు నుండి పుట్టినవి. క-బ-ర అను ధాతువు పెద్దదనమును తెలుపుతుంది. 'కబీర్' అనగా పెద్దవాడు, మహనీయుడు. 'అక్బర్' అనగా మహత్తరుడు. దాని స్త్రీలింగ రూపము 'కుబ్రా'. 'కిబ్రియా' అనగా మహిమ. 'అల్లాహు అక్బర్' అని పలుకుట 'తక్బీర్'. 'తకబ్బుర్' అను మాటయు ఈ కుటుంబములోనిదే. దాని అర్థము అహంకారము. పెద్దరికమును, పెద్దనని విర్రవీగుటయు ఒకే వేరున మొలచినవి.

తెలుగు లిపి ఇచ్చట కొంత భ్రమ కలిగిస్తుంది. మనము వాడే 'కబురు' అరబ్బీ 'ఖబర్' నుండి వచ్చినది. సమాధిని తెలిపే 'కబర్' కూడా అరబ్బీయే. కాని ఈ మూడు మాటల తొలి అక్షరములు ఆ భాషలో వేరు వేరు. కబీరునకు కబురుతో గాని, సమాధితో గాని చుట్టరికము లేదు.

'అల్ కబీర్' అనునది ఖురానులో దైవమునకు చెప్పిన విశేషణములలో ఒకటి. 13వ అధ్యాయమున అది కానవస్తుంది. అందుచేతనే 'మహనీయుని దాసుడు' అను అర్థమున 'అబ్దుల్ కబీర్' అని బిడ్డలకు పేరు పెట్టుట కలదు. కబీర్ అని ఒంటిగా పెట్టుటయు కలదు. కబీరు పంథీయుల కథ యొకటి ఈ మెలిక చుట్టూ అల్లుకొన్నది. నీరూ, నీమా దంపతులు బిడ్డకు పేరు పెట్టుమని కాజీని కోరినారట. ఆయన ఖురాను తెరువగా కబీర్, అక్బర్, కుబ్రా, కిబ్రియా అను మాటలే కంటబడినవట. దైవమునకు చెల్లు మాటను సాలెవాని బిడ్డకు ఎట్లు పెట్టుటయని ఆయన కలవరపడినాడట. దీనిని చరిత్రగా గ్రహింపనక్కరలేదు. అయినను, అంత పెద్ద పేరు అంత చిన్న ఇంట చేరుట లోకమునకు మింగుడు పడలేదన్న సత్యము కథకులు ఎరిగినదే. మరికొందరు ఆ పేరును 'కర్ బీర్' అని విరిచి, అరచేతి నుండి పుట్టిన వీరుడని చెప్పినారు. భాషాశాస్త్రము దీని నొప్పదు. కవిని తమవానిగా చేసికొను ఆరాటము మాత్రము ఇందులో తెల్లము.

అదే ధాతువు తరువాతి శతాబ్దమున సింహాసన మెక్కినది. 1556 నుండి 1605 వరకు ఏలిన మొగలు చక్రవర్తి పేరు అక్బరు. 1575 ప్రాంతమున తన ముద్రపై, నాణెములపై 'అల్లాహు అక్బర్' అని చెక్కించినచో ఎట్లుండునని ఆయన సభలో అడిగినట్లు సమకాలిక చరిత్రకారుడు బదాయూనీ వ్రాసినాడు. దైవమే మహత్తరుడని ఆ వాక్యమునకు అర్థము. అక్బరే దైవమనియు చదువవచ్చును. హాజీ ఇబ్రహీము ఈ సందిగ్ధతను ఎత్తి చూపగా చక్రవర్తికి రుచించలేదు. ఇంతటి అశక్తుడైన ప్రాణి దైవత్వము నెట్లు కోరునని ఆయన బదులు చెప్పినాడట.

చక్రవర్తికి చిక్కు తెచ్చిన ఆ మాటను నేతగాడు సునాయాసముగా మోసినాడు. పదముల చివర తన పేరు చెప్పుకొన్నాడు. ఆ నోటితోనే తాను జులాహానని చెప్పుకొన్నాడు. అక్బరు పేర వెలసిన 'ఆయీనె అక్బరీ'లో అబుల్ ఫజలు ఆయనను ఏకేశ్వరవాదిగా పేర్కొని, మరణానంతరము బ్రాహ్మణులు దహింపగోరిరని, ముస్లిములు పూడ్చగోరిరని వ్రాసినాడు.

హిందువులు ఆ పేరునకు 'దాసు' చేర్చినారు. తెలుగువారికిని ఆయన కబీరుదాసే. అరబ్బీ మాటకు సంస్కృతపు మాట అంటుకట్టిన ఈ సమాసమును విడదీసినచో వచ్చు అర్థము మహనీయుని దాసుడనియే. అనగా అబ్దుల్ కబీరు. కాజీకి తోచని పరిష్కారము జనుల నాలుకపై తనంత తానుగా కుదిరినది.